స్ట్రాస్‌బుర్గ్‌లో తొమ్మిది వారాలు

అంతర్జాతీయ అంతరిక్ష విశ్వవిద్యాలయం అనగానే విశాలమైన ప్రాంగణం, బారులు తీరిన ప్రయోగశాలలు మనసులో మెదలుతాయి. నిజానికి అది చాలా చిన్న సంస్థ. పీటర్ డయామాండిస్, టాడ్ హాలీ, బాబ్ రిచర్డ్స్ అనే ముగ్గురు యువకులు 1987లో అమెరికాలో దానికి అంకురార్పణ చేశారు. 1988లో ఎమ్.ఐ.టి.లో జరిగిన తొలి వేసవి బడికి 21 దేశాల నుంచి 104 మంది వచ్చారు. ఆ తరువాత ఆ బడి ఊళ్ళు తిరుగుతూ వచ్చింది. ఫ్రాన్సు తూర్పు అంచున, స్ట్రాస్‌బుర్గ్‌ను ఆనుకుని ఉన్న ఇల్‌కిర్ష్‌లో 2002 నాటికి దానికంటూ ఒక భవనం ఏర్పడింది. 2006 వేసవి బడి అక్కడే జరిగింది. ఆ తొమ్మిది వారాలూ నేను అక్కడ విద్యార్థిగా ఉన్నాను.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ఉపగ్రహం అంటే నా దృష్టిలో సంకేతాలను అందుకుని తిరిగి పంపే పెట్టె. అక్కడ నా ఎడమ పక్కన కూర్చున్నది న్యాయవాది, కుడి పక్కన వైద్యురాలు, వెనుక వరుసలో ఒక చిత్రకారుడు. అందరికీ అన్ని పాఠాలూ తప్పనిసరి. ఉదయం కక్ష్యల గణితం. అది అయ్యేసరికి న్యాయవాది ముఖం వాడిపోయేది. మధ్యాహ్నం 1967 నాటి అంతరిక్ష ఒప్పందంలోని నిబంధనలు. అప్పుడు నా వంతు. భారరహిత స్థితిలో వ్యోమగామి ఎముకల సాంద్రత నెలకు ఒక శాతానికి పైగా తగ్గుతుందని వైద్యులు చెబుతుంటే ఇద్దరమూ నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. ఏ ఒక్కరికీ అన్నీ తెలియవన్న సంగతి మొదటి వారంలోనే అందరికీ బోధపడాలని ఆ ఏర్పాటు. అది బాగానే పనిచేసింది.

సెలవు దొరికిన ఆదివారాల్లో ట్రామెక్కి ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళం. అక్కడి ప్రధాన దేవాలయ శిఖరం ఎత్తు 142 మీటర్లు. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అంతకన్న ఎత్తైన కట్టడం లేదట. లోపల ఒక ఖగోళ గడియారం ఉంది. గ్రహాల గతులన్నీ పళ్ళచక్రాలతోనే చూపిస్తుంది. 1871కీ 1945కీ మధ్య ఆ ఊరు జర్మనీకీ ఫ్రాన్సుకూ మధ్య నాలుగుసార్లు చేతులు మారింది. ఇప్పుడు రైను నది మీది కాలివంతెన దాటితే జర్మనీ. ఆ రోజుల్లో అడిగేవాడుండేవాడు కాదు. దేశాల సరిహద్దుల గురించి పాఠం చెప్పడానికి అంతకన్న తగిన ఊరు ఉండదనిపించేది.

జూలై 9న బెర్లిన్‌లో ప్రపంచకప్పు ఫుట్‌బాల్ తుదిపోటీ. జిదాన్‌ను మైదానం నుంచి పంపివేశారు. పెనాల్టీలలో ఇటలీ గెలిచింది. మర్నాడు ఉదయం ఊరు ఊరంతా మైల పట్టినట్టుంది. ఫ్రెంచి మిత్రులను మేమందరమూ ఓదార్చాం. ఆ సాయంత్రానికి ఓదార్పు నాకే అవసరమవుతుందని అప్పటికి తెలియదు.

జూలై 10 మధ్యాహ్నం, అక్కడి కాలమానం ప్రకారం రెండు గంటల ఎనిమిది నిమిషాలకు, శ్రీహరికోట నుంచి జి.ఎస్.ఎల్.వి. ఎఫ్-02 లేచింది. అందులో ఇన్‌శాట్-4సి ఉంది, రెండు టన్నుల పైబడిన ఉపగ్రహం. అంత బరువైన ఉపగ్రహాన్ని మన నేల మీద నుంచి పంపడం అదే మొదటిసారి. దాని గురించి వారం రోజులుగా కనబడిన వాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. పాఠం ముగించుకుని కంప్యూటరు గదికి పరుగెత్తి వార్తలు తెరిచాను. రాకెట్ నిమిషం సేపైనా సవ్యంగా ఎగరలేదు. దారి తప్పింది, ముక్కలై బంగాళాఖాతంలో పడింది. చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన మోటార్లలో ఒకటి, నేల విడిచిన లిప్తపాటులోనే ఆగిపోయిందనీ, అందుకు ఒక చిన్న నియంత్రకంలోని లోపం కారణమనీ తరువాత విచారణలో తేలింది. ఆ రోజు మాత్రం నాకు తెలిసింది ఒక్కటే, అది పడిపోయిందని.

రాత్రి భోజనాల దగ్గర ఎవరి ముఖమూ చూడాలనిపించలేదు. పళ్ళెం పట్టుకుని మూలకు పోయి కూర్చున్నాను. బ్రెజిల్ మిత్రుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సానుభూతి వాక్యాలేమీ పలకలేదు. "మీ వాళ్ళకెవరికైనా దెబ్బలు తగిలాయా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే అదృష్టవంతులు" అన్నాడు. 2003 ఆగస్టు 22న అల్కాంతరాలో ప్రయోగానికి ముందే వేదిక మీద రాకెట్ అంటుకుని వాళ్ళ దేశపు సాంకేతిక నిపుణులు 21 మంది చనిపోయారు. ఆ పేర్లలో కొన్ని తనకు తెలిసినవని చెప్పి, కాసేపు మాట్లాడకుండా రొట్టె తుంపుతూ కూర్చున్నాడు.

మెల్లగా బల్ల చుట్టూ మనుషులు చేరారు. జపాను అమ్మాయి 2003 నవంబరులో పక్క మోటారు ఊడిరాక హెచ్-2ఎ ఎలా విఫలమైందో చెప్పింది. ఫ్రెంచి అధ్యాపకుడు 1996 జూన్ 4 గురించి చెప్పారు. తొలి ఏరియాన్-5 నలభై సెకన్లయినా ఎగరకుండానే పేలిపోయింది. పాత రాకెట్ కోసం రాసిన ప్రోగ్రాములో ఒక పెద్ద సంఖ్య చిన్న గదిలో పట్టలేదు, అంతే. క్లస్టర్ ఉపగ్రహాలు నాలుగూ దానితోపాటే బూడిదయ్యాయి. వాటిని మళ్ళీ కట్టి 2000లో పంపారు. అమెరికా కుర్రాడు కొలంబియా మాట ఎత్తి, కల్పనా చావ్లా పేరు వచ్చేసరికి నా వైపు చూసి ఆగాడు. ఆవిడ పేరు మీద మాకొక వాతావరణ ఉపగ్రహం ఉందని చెప్పాను. అతనికి తెలియదట.

ఆ రాత్రి ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. చావు ఇంటికి వచ్చిన చుట్టాలు తమ ఇళ్ళలో పోయినవాళ్ళను తలచుకున్నట్టుగా మాట్లాడుకున్నాం. నా గుండె బరువు దిగింది అందువల్లనే అనుకుంటాను.

మరో ప్రశ్న కొన్ని రోజుల తరువాత వచ్చింది. అడిగినవాడు పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన ఇంజనీరు. "తిండికి లేని జనం ఉన్న దేశానికి రాకెట్లెందుకని మా ఇంట్లోవాళ్ళు నన్ను అడుగుతుంటారు. నువ్వేం చెబుతావు?" ఎత్తిపొడుపు కాదది, నిజంగానే జవాబు కావాలి. నాకు తెలిసిన తీరం గురించే చెప్పాను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు దాదాపు పదివేలమంది పోయారు. 1990 మేలో ఇంచుమించు అంతటి తుఫానే కోస్తా మీదికి వచ్చింది. మృతులు వెయ్యిలోపు. ఆ మధ్యకాలంలో 1983లో ఇన్‌శాట్-1బి పైకి వెళ్ళింది, మేఘాల చిత్రాలు పంపింది, తీరగ్రామాలకు హెచ్చరికలు అందే ఏర్పాటు వచ్చింది. అంతా ఉపగ్రహం గొప్పే అనను. తుఫాను కేంద్రాలు కట్టినవాళ్ళూ, లక్షలమందిని బలవంతాన ఇళ్ళు విడిపించిన ఉద్యోగులూ లేకపోతే ఆ చిత్రం వట్టి చిత్రమే. అతను ఆ రెండు సంవత్సరాలూ, రెండు సంఖ్యలూ తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఇక మా బృందానికి వచ్చిన అంశం చంద్రుడి మీది వనరులు. మనుషులు అక్కడ నివసించాలంటే ప్రాణవాయువు ఇక్కడినుంచి మోసుకుపోవడం ఎల్లకాలం సాగదు. చంద్రుడి మట్టి బరువులో నలభై శాతానికి పైగా ఆక్సిజనే, కాని ఖనిజాలలో బందీగా ఉంది. మేము తిరగేసిన మార్గాల్లో ఒకటి ఇల్మనైట్. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన నల్లటి ఖనిజం. దాన్ని తొమ్మిదివందల డిగ్రీలకు పైగా కాచి హైడ్రోజన్ పంపితే నీటి ఆవిరి వస్తుంది. ఆ నీటిని విద్యుత్తుతో విడగొడితే ఆక్సిజన్ మనకు, హైడ్రోజన్ మళ్ళీ కొలిమికి. వంద కిలోల శుద్ధ ఇల్మనైట్‌కు పది కిలోల పైచిలుకు ఆక్సిజన్. మనిషికి రోజుకు 840 గ్రాములు చాలు, అంటే ఒకరికి పన్నెండు రోజుల ఊపిరి.

ఆ లెక్క వేస్తున్నప్పుడు ఒక పట్టికలో భూమి మీద ఇల్మనైట్ దొరికే చోట్లలో భీమునిపట్నం పేరు కనబడింది. చిన్నప్పుడు పాదాలకంటుకుంటే అమ్మ వాకిట్లోనే కడిగించిన ఆ నల్ల ఇసుకే! బృందానికి చెబితే ఒక పట్టాన నమ్మలేదు.

మా న్యాయవాది మాత్రం మరో ప్రశ్న వేశాడు: తీసిన ఆక్సిజన్ ఎవరిది? చంద్రుణ్ణి ఏ దేశమూ తనదనరాదని 1967 ఒప్పందం. తవ్వి తీసినదాని గురించి అది స్పష్టంగా చెప్పదు. వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వమన్న 1979 ఒప్పందంపై భారతదేశం సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు. రెండు రాత్రులు వాదించుకున్నాం. ముందు చేరినవాడు అంతా తవ్వుకుపోతే వెనుక వచ్చే మా దేశాల గతేమిటని నేనూ ఆఫ్రికా మిత్రుడూ, లాభం లేకపోతే అసలు ఎవరు వెళతారని అమెరికా, లక్సెంబర్గ్ మిత్రులూ. చివరికి నివేదికలో రెండు అభిప్రాయాలూ పక్కపక్కన పెట్టాం. ఆ వాదం ఇప్పటికీ తెగలేదు. అమెరికా 2015లో తన పౌరులకు ఆ హక్కునిస్తూ చట్టం చేసింది. 2023లో మన దేశం కూడా ఆర్టెమిస్ ఒడంబడికలో చేరింది.

మా నివేదికను మించిన జవాబులు ఆ తరువాత ఆకాశం నుంచే వచ్చాయి. చంద్రయాన్-1 మీది అమెరికా పరికరం చంద్రుడి మీద నీటి జాడ చూపిందని 2009లో ప్రకటించారు. 2007లోనే జి.ఎస్.ఎల్.వి. మళ్ళీ ఎగిరింది. 2010లో రెండుసార్లు పడి, 2014 జనవరి 5న మన సొంత క్రయోజెనిక్ దశతో నిలబడింది. 2010లో పడ్డప్పుడు రెండుసార్లూ బ్రెజిల్ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడూ వచ్చింది.

ఈ చదువుకు రుసుము చిన్నదేమీ కాదు. విద్యార్థివేతనాలు దొరక్కపోతే నేనూ వెళ్ళగలిగేదాన్ని కాదు. మీ ఇళ్ళలో పిల్లలెవరైనా వెళ్ళాలనుకుంటే దరఖాస్తుతోపాటే వేతనం కోసం కూడా ప్రయత్నించమనండి. ఇంజనీరింగు చదివినవాళ్ళే వెళ్ళాలనుకోవద్దు. న్యాయశాస్త్రమో, వైద్యమో, చిత్రకళో చదివిన పిల్ల ఉంటే ముందు ఆమెకు చెప్పండి.