థేమ్స్ వంతెన అవతల ఈటన్ బడి

లండన్ వెళ్లినవాళ్లు విండ్సర్ కోట చూసి వెనక్కి వచ్చేస్తారు. మీరు మాత్రం థేమ్స్ వంతెన దాటి కాస్త నడవండి, ఈటన్ వస్తుంది. డయానా కొడుకులిద్దరూ చదివిన మగపిల్లల బడి!

1440లో ఆరో హెన్రీ రాజు 70 మంది పేదపిల్లలకి ఉచితంగా చదువు చెప్పించాలని పెట్టాడట. ఇప్పుడు ఏడాది ఫీజు 60 వేల పౌండ్ల పైమాటే. చూశారా చోద్యం! పరీక్ష నెగ్గిన 70 మంది స్కాలర్లు ఇప్పటికీ ఉన్నారు. స్తోమత లేనివాళ్లకి ఫీజు తగ్గిస్తారు, కొందరికి పూర్తిగా మాఫీ.

పదమూడేళ్లకి చేరితే పద్దెనిమిది దాకా అక్కడే. తోకకోటు, చారల ప్యాంటు వేసుకుని పెళ్లికొడుకుల్లా క్లాసుకి పోతుంటారు. 25 హౌసులు, ఒక్కోదాంట్లో యాభై మంది. చేరిన రోజు నుంచే ఎవరి గది వాళ్లదే. మన ఇంటర్ హాస్టళ్లలో గదికి ఎనిమిది మందిని చూసిన కళ్లకి ఇదే పెద్ద వింత. జ్వరమొచ్చినా, బెంగపెట్టుకున్నా చూసుకోవడానికి హౌసుకో ఆవిడ ఉంటుంది, 'డేమ్' అంటారు. ఎంత మంచి డేమ్ ఉన్నా నేనైతే ఆ వయసు పిల్లాణ్ణి పంపలేను సుమండీ! పూర్వం చిన్నవాళ్లు పెద్దపిల్లలకి ఊడిగం చేయాల్సి వచ్చేది. 1980 ప్రాంతంలో ఆ ఆచారం పోయింది, నయమే.

చివరి రెండేళ్లు మన ఇంటర్ లాగే, మూడు నాలుగు సబ్జెక్టులే. టర్ముని 'హాఫ్' అంటారు, ఏడాదికి మూడు హాఫులు! లెక్కల మాస్టార్లు ఎలా ఊరుకున్నారో!

అన్నట్టు, 'ఈటన్ మెస్' అనే తీపి ఈ బడి పేరు మీదే. స్ట్రాబెర్రీలు, గిలక్కొట్టిన మీగడ, తెల్లసొన-పంచదార బిస్కెట్ల ముక్కలు, అన్నీ కలిపేయడమే.