గాండాల్ఫ్ తాతగారూ, నా గుసగుసలూ

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో నిప్పుల రాక్షసుణ్ణి వంతెన మీద నిలేసిన గడ్డం మాంత్రికుడు గాండాల్ఫ్ గుర్తున్నాడా? ఆ వేషం కట్టిన సర్ ఇయాన్ మెకెల్లెన్ గురించి రాద్దామని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. కలం సాగదు. ఎందుకో చివర్లో చెబుతాను.

1939లో ఇంగ్లండులో పుట్టారాయన. పన్నెండేళ్ళకే తల్లి పోయింది, ఆ తర్వాత తండ్రి. తాను 'గే'నన్న మాట వాళ్ళకు చెప్పుకోనేలేదు. రంగస్థలం మీద రాజుల వేషాలు వేసి పేరు గడించాక కూడా పత్రికలవాళ్ళ ముందు నోరు విప్పలేదు. 1988 జనవరిలో, స్వలింగ ప్రేమను స్థానిక సంస్థలు 'ప్రోత్సహించరాదు' అనే బిల్లు మీద బి.బి.సి. రేడియోలో వాదన జరిగింది. ఆ వాదనలోనే బయటపెట్టేశారు, తనూ అలాంటివాడినేనని! అప్పటికి వయసు 48.

బిల్లు ఆగలేదు, చట్టమైంది. ఆయనా ఆగలేదు. మరుసటేడు మరికొందరితో కలిసి 'స్టోన్‌వాల్' సంస్థ పెట్టారు. ఇంగ్లండులో ఆ చట్టం రద్దయ్యేసరికి 2003 వచ్చింది. పదిహేనేళ్ళండీ! ఆ తర్వాతా కూర్చోలేదు, బళ్ళకు వెళ్ళి పిల్లలతో మాట్లాడారు. 2016లో ముంబయి 'కాషిష్' చిత్రోత్సవానికి వచ్చారు. మన 377వ సెక్షన్‌కి అప్పటికింకా కోరలున్నాయి, సుప్రీంకోర్టు వాటిని పీకింది 2018లో. 80 ఏళ్ళు నిండిన 2019లో 80 థియేటర్లలో ఒంటరిగా ప్రదర్శనలిచ్చి, ఆట అయ్యాక బకెట్ పట్టుకుని నిలబడి చందాలు పోగుచేశారు, నాటకరంగం కోసం! 2024 జూన్‌లో లండన్‌లో ఫాల్‌స్టాఫ్ వేషంలో స్టేజి మీద నుంచి పడితే మణికట్టు విరిగింది. లావు కనబడ్డానికి కట్టుకున్న మెత్తలే పక్కటెముకల్ని కాపాడాయట.

ఇక నా సంగతి. విలేకరిగా కొత్తలో, పెళ్ళి చేసుకోని ఒక సీనియర్ నటుడి మీద గుసగుసల శీర్షికలో నాలుగు ముక్కలు గిలికాను. పేరు రాయలేదు, ఆనవాళ్ళన్నీ రాశాను. జనం నవ్వుకున్నారు. నాకు మూడొందలు ముట్టాయి. ఆర్నెల్ల తర్వాత ఓ షూటింగులో ఆయనే పిలిచి, "ఏం బాబూ, టిఫినయిందా?" అంటూ పక్కన కుర్చీ వేయించారు. రాసింది నేనేనని ఆయనకు తెలుసు, తెలుసన్న సంగతి నాకూ తెలుసు. ఇడ్లీ తిని వచ్చేశాను.

మొన్న ఆయన ఫోన్ నంబరు సంపాదించాను. ఇది అచ్చులోకి వెళ్ళేలోపు చెయ్యాలి.