కంప్యూటర్ గది తాళం గురించి

కొంచెం పొడుగు పోస్టు, ఓపికతో చదవండి. "మా ఆశ్రమ పాఠశాలకు కంప్యూటర్లు ఇయ్యాలె" అని గ్రూపుల ఒక వినతిపత్రం తిరుగుతున్నది. మంచిదే. కానీ అందులో ఇంకో నాలుగు లైన్లు కలపకపోతే ఆ కంప్యూటర్లు వచ్చినా పిల్లల చేతికి రావని నా అభిప్రాయం.

నేను ఖాజాగూడలో గుట్టల పక్కన ఉన్న ఒక పెద్ద ప్రైవేటు బడిలో ఐటీ సపోర్టు పని చేస్తున్న. మూడేళ్లయింది. పని పేరు పెద్దగ ఉంటది గానీ, రోజంతా చేసేది పిల్లల ల్యాప్‌టాప్‌లు చూసుకునుడే. ఒక్కో క్లాసుకు చక్రాల మీద నడిచే ఒక బీరువా ఉంటది. అందులో ముప్పై అరలు, ప్రతి అరలో ఒక చార్జర్ వైరు. ప్రతి మిషన్ మీద నంబరు. 14వ నంబరు మిషన్ 14వ రోల్ నంబరు పిల్లదే, ఇంకొకరు ముట్టరు. ఎవరికి ఏది దొరికితే అది తీసుకోనిస్తే, పాడైనది ఎవరి దగ్గర పాడైందో ఎవరికీ తెల్వదు. సాయంత్రం నేను చూసేది ఒక్కటే, అన్ని అరల్లో చార్జింగ్ లైటు వెలుగుతున్నదా లేదా.

అక్కడ వారం వారం ఏదో ఒకటి పాడైతనే ఉంటది. నీళ్ల బాటిల్ ఒలకపోస్తరు, కీబోర్డు బటన్లు పీకుతరు, బ్యాగుతో సహా మెట్ల మీద పడేస్తరు. ఒక పేజీ ఫారం రాస్తం, స్పేర్ మిషన్ చేతికిస్తం, పాఠం ఆగదు. మొదట్ల నాకు ఇది వింతగ అనిపించేది.

ఎందుకంటే నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో కూడా కంప్యూటర్ గది ఉండె. ఇరవై మిషన్లు, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు, తలుపుకు తాళం. పదో తరగతి అయ్యేలోపు నేను ఆ గదిలోకి పోయింది నాలుగుసార్లు. అందులో రెండుసార్లు ఊడ్వడానికే. ఆ ఇరవైలో ఒక్కటి కూడా పగల్లేదు.

మా సార్‌ని నేను తప్పు పట్టను. స్టాక్ రిజిస్టర్‌లో సంతకం ఆయనది. ఒక మౌస్ పోయినా తనిఖీకి వచ్చినప్పుడు జవాబు ఆయనే చెప్పాలె. రికవరీ అంటే జీతంలోంచి కోతే. వాడితే పాడయ్యే వస్తువు, పాడైతే సొంత జేబులోంచి కట్టే మనిషి. ఇంక ఆయన తాళం వెయ్యక ఏం చేస్తడు?

"అక్కడ ఫీజులు లక్షల్లో, స్పేర్లు కొనగలరు" అంటరు. నిజమే. కానీ మా ఇరవైలో పదిహేడు బయటపెట్టి మూడు స్పేర్‌గ దాచినా సరిపోయేది కదా. దానికి కొత్తగ పైసా అక్కర్లేదు.

తాళం వేస్తే మిషన్ భద్రంగ ఉంటదా అంటే అదీ లేదు. ల్యాప్‌టాప్‌లో, ట్యాబ్‌లో ఉండే లిథియం బ్యాటరీ పూర్తిగ దిగిపోయి నెలలు పడి ఉంటే చచ్చిపోతది. మన సర్కారు బడులు ఏప్రిల్ 23కు అటూ ఇటూ మూస్తరు, జూన్ 12న తెరుస్తరు. ఆ ఎండాకాలమే చాలా బ్యాటరీలకు ఆఖరు. మేము సెలవుల ముందు ప్రతి మిషన్‌ని సగం చార్జింగ్‌లో ఉంచి, పూర్తిగ షట్‌డౌన్ చేసి పెడతం. ఎవరన్న చెప్పాలె, అంతే.

పక్క రాష్ట్రం చూడండి. ఆంధ్రలో 2022 డిసెంబర్ 21న 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చుడు మొదలైంది. మరుసటి ఏడు అదే తారీఖున రెండో విడత మొదలుపెట్టింది మన్యంలోనే, అల్లూరి జిల్లా చింతపల్లిలో. దాదాపు 4.34 లక్షల ట్యాబ్‌లు. దాని మీద నడిచిన రాజకీయంతో నాకు పనిలేదు. పాఠాలు ట్యాబ్‌లోనే నింపి ఇచ్చిండ్రు, సిగ్నల్ లేని గూడెంలో కూడా నడుస్తయి. 2020 సెప్టెంబర్ 1న మన దగ్గర దూరదర్శన్ యాదగిరి, టీశాట్ పాఠాలు మొదలైనప్పుడు టీవీ లేని ఇండ్ల పిల్లల గతి ఏమైందో ఈ గ్రూపులో సగం మందికి సొంత అనుభవమే. ఇంకోటి, పాడైతే సచివాలయంలో ఇయ్యండి, వారంలో బాగుచేసో మార్చో ఇస్తమని ముందే చెప్పిండ్రు. అంటే పిల్లల చేతిలో పాడవుతదని ముందే ఒప్పుకున్నరు. మనకు కావాల్సింది ఆ ఒప్పుకోలే. లాక్ తీసేసి సినిమాలు చూసిన పిల్లల వార్తలు కూడా వచ్చినయి. ఖాజాగూడ పిల్లలు కూడా చూస్తరన్నా, నేను రోజూ పట్టుకుంటున్న.

ఇంకో తాళం కంటికి కనపడదు. పోయిన దండారికి ఊరికి పోయినప్పుడు దగ్గర్ల ఉన్న బడికి పోయిన. మన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది కదా, నోటో ఫాంట్ ఉచితంగ దొరుకుతది. అది వేసి పిల్లలకు చూపిద్దామనుకున్న. సార్లు సంతోషంగ గది తీసిండ్రు. మిషన్ ఏమో అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. అది ఎవరికీ తెల్వదు. ఎన్నడో ల్యాబ్ పెట్టిపోయిన కాంట్రాక్టర్‌కు తెలుసంట, ఆయన ఫోన్ కలవదు. చివరికి నా సొంత ల్యాప్‌టాప్‌లో చూపించిన. ఒక్క తెర మీద ఇరవై మంది పడ్డరు. చుట్టూ పది మిషన్లు ఖాళీగ ఉన్నయి.

కేరళలో 2018లో హైస్కూళ్లలో లిటిల్ కైట్స్ అని పిల్లల క్లబ్బులు మొదలుపెట్టిండ్రు. బడిలోని కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు చూసుకునుడు వాళ్ల పనిలో భాగం. మన హాస్టళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలు బియ్యం కొలిచి ఇస్తరు, నీళ్ల మోటరు వేస్తరు. ఒక గది తాళం చెవి పట్టుకోలేరా?

అందుకే వినతిపత్రంలో ఇవి కూడా రాద్దాం. పాఠంలో వాడుతుంటే పాడైన దానికి సార్ దగ్గర గానీ పిల్లల దగ్గర గానీ రికవరీ ఉండదని లిఖితపూర్వకంగ ఆర్డర్ ఇయ్యాలె. పదింటికి ఒకటి స్పేర్. పాస్‌వర్డ్ హెడ్‌మాస్టర్ దగ్గర రాతలో ఉండాలె. గది తీసేది, మూసేది, చార్జింగ్ చూసేది పిల్లల కమిటీ.

డ్రాఫ్ట్ ఎవరి దగ్గర ఉందో వాళ్లు నాకు పంపండి, ఆదివారం కూర్చొని ఈ లైన్లు కలుపుత. ఉట్నూరు ఐటీడీఏకు ఏ రోజు పోతున్నరో కూడ చెప్పండి, ముందే సెలవు పెట్టుకుంట.