గిటారుకు ఏ తీగలు?

శాంతిపురంలో గిటారు తీగ తెగితే ఒకప్పుడు కుప్పం పోయి బెంగళూరు రైలెక్కడమే. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డరు పెడితే ఇంటికొస్తాయి. చిక్కంతా ఏవి తెప్పించాలన్నదే.

మా వీధిలో చర్చికి వాయించే పిల్లోడు క్లాసికల్ గిటారుకు స్టీలు సెట్టు తెప్పించాడు, సౌండు గట్టిగా వస్తుందని. "వద్దు నాయనా" అన్నాను. నైలాన్ సెట్టు లాగుడు దాదాపు 40 కిలోలు, స్టీలుది 70 పైమాటే. బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. ఆ నైలాన్ కూడా మొన్నమొన్నటిదే లెండి, 1940ల దాకా పేగుతో చేసిన తీగలే.

అకౌస్టిక్‌కు బ్రాంజ్ చుట్టినవి. నేర్చుకునేవాళ్ళకు మొదటి తీగ 0.010 లేదా 0.011 అంగుళం చాలు, 0.012 నాదం నిండుగా ఉంటుంది గానీ వేళ్ళు కాయకట్టాలి. ఎలక్ట్రిక్‌కు నికెల్ పూత స్టీలు. నైలాన్ పెడితే పికప్ అయస్కాంతం పట్టించుకోదు.

ప్రయోగాలకు నేనేం అడ్డు కాదు. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ నాలుగు జతల తీగలు వదిలేసి, ఐదు ఒంటి తీగలతోనే గమకాలు పలికించారు. జంటతీగలను ఒకేలా లాగి శ్రుతి నిలపడం ఎంత కష్టమో వాయించేవాళ్ళనడగండి.

పిల్లోడి స్టీలు సెట్టు నా దగ్గరే ఉంది, 0.011. అకౌస్టిక్ ఉన్నవాళ్ళెవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి.