ఇద్దరికి గది

మామిడి కోతలయ్యాక రెడ్డిగూడెం నుంచి నేనూ మా వదినా సూర్యలంక వెళ్ళాం. బాపట్లకి 9 కిలోమీటర్లు. సముద్రపొడ్డున కాటేజీ అడిగితే, "జంటలకేనండీ. మగవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు కుర్రాడు.

వదిన నవ్వింది. "ముప్ఫయ్యేళ్ళు జంటగానే ఉన్నా బాబూ. ఒక్కసారీ సముద్రం చూళ్ళేదు."

అన్నయ్య పోయి రెండేళ్ళు. ఆ ముప్ఫయ్యేళ్ళూ తనకి పొయ్యి, పాడి, పత్తిచేను.

వేరేచోట గది దొరికింది. మర్నాడు బాపట్లలో భావనారాయణస్వామి గుడి, చీరాలలో నేతచీరలు చూశాం. సాయంత్రం వదిన మోకాళ్ళ లోతు నీళ్ళలో చాలాసేపు నిలబడింది. పిలవబోయి ఆగాను.

"రాత్రికి వంటేమిటని ఎవరూ అడగట్లేదే!" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఏకాంతం జంటలకే కావాలని ఎవరు చెప్పారు? వదినకది యాభై దాటాక, ఒక్కదానికే దొరికింది.