దిగేటప్పుడే ఎక్కడం గుర్తుంచుకోండి

కొండ ఎక్కుతూ అలసినవారు మధ్యలోనే వెనుదిరగవచ్చు. నల్లమలలోని మల్లెలతీర్థంలో ఆ వెసులుబాటు లేదు. సుమారు 350 మెట్లు దిగితేనే వాగు చేరతాము. శ్రమంతా తిరుగుదారిలో, ఎండ ముదిరాక ఎదురవుతుంది.

కనుక జూబిలీహిల్స్ వాసులు నెల ముందునుంచే, జాతీయ ఉద్యానవనమైన కె.బి.ఆర్. వనంలో ఉదయపు నడక సాగించండి. ఇంటి మెట్లు ఎక్కడమూ అలవరచుకోండి. ఎక్కేటప్పుడు ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి తోస్తే ప్రయాణం వాయిదా వేసి, వెంటనే వైద్యుణ్ణి కలవండి. అడవిలో ఫోను పలకకపోవచ్చు. అంబులెన్సు ఆలస్యం కావచ్చు.

మోకాళ్ళు అరిగిన వయసు నాది. చేతికర్ర లేనిదే దిగను. తాగునీరు సగం తిరుగుదారికి దాచుకుంటాను. బలాన్నీ అలాగే దాచుకోవాలి.