రెండు మార్కుల ఆల్చిప్ప

మామిడికాయల కాలం వచ్చిందంటే మా అమ్మ చేతికి ముందుగా ఆల్చిప్ప వచ్చేది. నడుమ రంధ్రం చేసిన ఆ చిప్పతో ఆమె పచ్చికాయల చెక్కు తీస్తూంటే, అది ఒకనాటి ప్రాణి నివాసమన్న ఊహ నాకు కలగనే లేదు. జంతుశాస్త్ర అధ్యాపకుణ్ణైన పిదప ఆ ప్రాణినే గాజుసీసాలో చూపుతూ పాఠం చెప్పడం నా వృత్తి అయింది.

కొన్నేళ్ళ క్రిందట ఒక తరగతి పరీక్షలో, నేను 'పెలిసిపొడా' అని చెప్పిన చోట ఒక విద్యార్థిని 'బైవాల్వియా' అని వ్రాసింది. రెండు మార్కులు తగ్గించాను. ఆమె గ్రంథాలయపు పుస్తకంతో వచ్చి, "సార్, రెండూ ఒకటే కదండీ?" అని వినయంగా అడిగింది. "నోట్సులో ఉన్నదే వ్రాయాలమ్మా" అని పంపివేశాను. ఆ మాట అన్నానే గాని, రాత్రి నిద్ర పట్టలేదు. లేచి పుస్తకాలు తిరగవేశాను.

1758లో లిన్నేయస్ రెండు చిప్పలను చూసి బైవాల్వియా అన్నాడు. 1820లో గోల్డ్‌ఫుస్ గొడ్డలివంటి పాదాన్ని చూసి పెలిసిపొడా అన్నాడు. రేకులవంటి మొప్పలను చూసినవారు లామెల్లిబ్రాంకియా అన్నారు. ప్రాణి ఒక్కటే, చూసిన చూపులు మూడు.

చిక్కు పేర్లతో తీరలేదు. కాకినాడ అఖాతంలో దొరికే రక్తపుగుల్లనే తీసుకొందాం. దాని కీలు వెంబడి సన్నని పళ్ళు దువ్వెనలా బారులు తీరి ఉంటాయి. న్యూక్యులా అనే చిన్నగుల్లకూ అటువంటి పళ్ళే. కీలును నమ్మితే ఇవి దగ్గరి చుట్టాలు. కాని రక్తపుగుల్ల పొడవాటి మొప్పల తంతువులతో నీటిని వడగట్టి ఆహారం పట్టుకొంటుంది. న్యూక్యులా మొప్పలు చిన్నవి, సరళమైనవి. మొప్పలను నమ్మితే ఇవి దూరపు చుట్టాలు. నేటి వర్గీకరణ వీటిని వేర్వేరు ఉపతరగతులలో ఉంచింది. అయితే శిలాజంలో కీలు మిగులుతుంది గాని మొప్ప మిగలదు. 50 కోట్ల ఏళ్ళకు పూర్వపు ఫోర్డిల్లా, పొజేటాయియా అనేవి కొద్ది మిల్లీమీటర్ల గుల్లలు మాత్రమే. వాటి మొప్పలెటువంటివో ఆ రాయి చెప్పదు. ఈ తరగతికి అత్యంత సమీప బంధువులు నత్తలా, లేక ఏనుగుదంతం ఆకృతిగల గుల్లలా అన్న వివాదమైతే, 2011లో జన్యుసమాచారంతో పెద్ద పరిశోధనలు వెలువడిన తరువాత కూడా సాగుతూనే వచ్చింది.

ఇంతమంది పండితులు ఇన్నేళ్ళు తర్కించుకొన్న విషయాన్ని నేను రెండు మార్కులతో తేల్చివేశాను!

మరునాడు తరగతి ఎదుట నా పొరపాటు ఒప్పుకొని మార్కులు దిద్దాను. అధ్యాపకుని నోట ఆ మాట వెలువడటం ఎంత కష్టమో, వెలువడిన పిదప మనసు ఎంత తేలికపడుతుందో ఆనాడే తెలిసింది. ఇక మీదట పేరుతోపాటు ఆ పేరు దేనిని బట్టి వచ్చిందో కూడా వ్రాయమన్నాను.

ఆ అమ్మాయి లేచి, "మా ఇంట్లో దీన్ని సీపీ అంటాం సార్. దానికీ మార్కులుంటాయా?" అంది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. మా అమ్మ చేతిలోని ఆల్చిప్ప ఆ క్షణాన కళ్ళ ఎదుట మెదిలింది.